వృద్ధాశ్రమంలో వీఆర్‌తో వ్యాయామం: పెద్దవాళ్లు తమంతట తామే పెడల్ దగ్గరికి రావాలంటే ఏం చేయాలి?

ఓల్డేజ్ హోమ్‌లు నడిపేవాళ్లు, అక్కడికి వెళ్లే ఫిజియోథెరపిస్టులు ఈమధ్య తరచూ అడుగుతున్న ప్రశ్న ఇది. అమెరికాలో ఉన్న ఎవరి అబ్బాయో వీఆర్ (వర్చువల్ రియాలిటీ) హెడ్‌సెట్ పంపించాడు, అంటే కళ్లకు తగిలించుకుంటే వేరే చోట ఉన్నట్టు చూపించే పరికరం. మొదటి వారం అందరూ సరదాగా పెట్టుకుని చూశారు. తర్వాత అది ఆఫీసు బీరువాలోకి చేరింది. వ్యాయామానికి మాత్రం ఎప్పటిలాగే ఇద్దరు ముగ్గురే వస్తున్నారు. మరి దీన్ని ఎలా వాడాలి?

హెడ్‌సెట్‌ను చూసి ఎవరూ కాలు కదపరు. తెలిసిన దారి కనిపిస్తే కదుపుతారు. అందుకే ముందు మనిషి, తర్వాత చోటు, ఆ తర్వాతే యంత్రం. చాలా హోమ్‌లలో ఇది తలకిందులుగా జరుగుతోంది.

నార్వేలోని బెర్గెన్‌లో మోటీటెక్ అనే సంస్థ ఉంది. వృద్ధాశ్రమాలకు అది ఇచ్చే ఏర్పాటులో వ్యాయామ సైకిలు, ఎదురుగా పెద్ద తెర, తెర మీద తొక్కేవాళ్లకు తెలిసిన ఊళ్ల రోడ్లు ఉంటాయి. తలకు ఏదీ పెట్టుకోనక్కర్లేదు. డెన్మార్క్‌లో ఆల్బోర్గ్ యూనివర్సిటీ పరిశోధకులు వృద్ధాశ్రమ వాసులతో తెరనూ హెడ్‌సెట్‌నూ రెండింటినీ వాడి చూశారు. మన దగ్గర కూడా టీవీతో మొదలుపెట్టి, కుదిరినవాళ్లకే హెడ్‌సెట్ ఇవ్వడం మంచిదని నా అభిప్రాయం. కింది పద్ధతి అలాగే సాగుతుంది.

1. ఎవరికి టీవీ, ఎవరికి హెడ్‌సెట్

హోమ్‌లో ఉన్న ప్రతి ఒక్కరి మందుల చీటీ, పాత రిపోర్టులు ముందు పెట్టుకుని, వచ్చే డాక్టర్‌తో ఒకసారి కూర్చోండి. ఒక్క పూట పని.

వీళ్లకు హెడ్‌సెట్ వద్దు, టీవీ చాలు:

- ఎప్పుడైనా ఫిట్స్ వచ్చినవాళ్లు
- పక్క మీద ఒత్తిగిలితే గది గిర్రున తిరిగినట్టుండే వర్టిగో ఉన్నవాళ్లు
- ఈమధ్యే కంటి ఆపరేషన్ అయినవాళ్లు
- మెడ అరుగుదల, మెడ నొప్పి ఉన్నవాళ్లు
- మతిమరుపు ముదిరి, ఎక్కడున్నామో తెలియక కంగారుపడేవాళ్లు

పేస్‌మేకర్, వినికిడి యంత్రం ఉన్నవాళ్ల సంగతి డాక్టర్‌నే అడగండి. హెడ్‌సెట్లలో అయస్కాంతాలు, రేడియో భాగాలు ఉంటాయి కాబట్టి తయారీదారులే ఈ హెచ్చరిక ఇస్తారు.

ఆ పూటకు ఏ వ్యాయామమూ వద్దనాల్సిన సందర్భాలు:

- కూర్చుని ఉండగా బీపీ 180/110 దాటితే
- జ్వరం, ఛాతీలో నొప్పి, కొత్తగా ఆయాసం ఉంటే
- పడుకుని లేచి నిలబడ్డాక మూడు నిమిషాల్లోపు పై బీపీ 20 పాయింట్లు పడిపోయి కళ్లు తిరుగుతుంటే

ఇన్సులిన్ వేసుకునేవాళ్ల షుగర్ 100 కంటే తక్కువ ఉంటే ముందు ఏదైనా తినిపించి, మళ్లీ చూశాకే మొదలుపెట్టండి. ఇవన్నీ మామూలుగా పాటించే హద్దులు. ఒక మనిషికి డాక్టర్ వేరే అంకె రాసిస్తే దాన్నే పాటించండి.

ఇంకొకటి. అటెనలాల్, మెటోప్రొలాల్ లాంటి బీపీ, గుండె మాత్రలు వాడేవాళ్లకు ఎంత శ్రమపడినా నాడి పెద్దగా పెరగదు. చేతి గడియారంలో అంకె బాగానే ఉందని మురిసిపోవద్దు. తొక్కుతూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. సరైన శ్రమకు అదే గుర్తు. వాక్యం మధ్యలో ఊపిరి కోసం ఆగుతుంటే వేగం తగ్గించాలి.

2. ఊరు కాదు, దారి అడగండి

ఇక్కడ తొందరపడితే మిగతాదంతా వృథా. ఒక్కొక్కరి దగ్గర కనీసం అరగంట కూర్చోవాలి.

"మీదే ఊరండీ?" అని అడిగితే ఊరి పేరు చెప్పి ఊరుకుంటారు. ఇలా అడిగి చూడండి:

- చిన్నప్పుడు బడికి ఏ దారిన వెళ్లేవారు? మధ్యలో ఏమేం వచ్చేవి?
- సంతకు నడిచి వెళ్లేవారా, బండి మీదా?
- ఉద్యోగానికి రోజూ ఏ రోడ్డు మీద వెళ్లేవారు? ఎక్కడ ఆగి టీ తాగేవారు?
- ఒక్కసారి చూడాలనుకుని ఇప్పటిదాకా చూడలేకపోయిన చోటేది?

ఆడవాళ్లను పుట్టింటి ఊరి గురించి అడగండి. రికార్డులో రాసి ఉన్నది అత్తగారి ఊరే అయ్యుంటుంది. కానీ మాట ఊపందుకునేది పుట్టింటి దగ్గరే. రిటైరైన ఆర్టీసీ డ్రైవర్‌ను రూటు అడగండి. మలుపులతో సహా చెప్తాడు.

చివరి ప్రశ్నకు ఎక్కువగా గుడో, చర్చో, దర్గానో వస్తుంది. అరుణాచలం, భద్రాచలం, మెదక్ చర్చి, ఏదైనా కావచ్చు. అందరికీ ఒకే గుడి వీడియో వేసేసి పని అయిపోయిందనుకోకండి.

ఆ తర్వాత కుటుంబానికి ఫోన్ చేసి మూడు సంగతులు కనుక్కోండి. ఆ ఇల్లు ఇంకా ఉందా, అమ్మేశారా? అన్నదమ్ముల మధ్య గొడవలో ఉందా? అక్కడ ఏదైనా చావు, ప్రమాదం జరిగిందా? పడగొట్టిన ఇంటి ముందుకు మనిషిని హఠాత్తుగా తీసుకెళ్లి నిలబెడితే ఆ రోజు అన్నం కూడా తినరు. చూపించకూడని చోట్లు ప్రతి ఒక్కరి కార్డు మీదా ఎర్ర సిరాతో రాసి పెట్టండి.

3. కావలసిన సామాను

- 43 అంగుళాలు, అంతకు పైబడిన టీవీ, పెన్‌డ్రైవ్, మంచి స్పీకరు
- కూర్చుని తొక్కే చిన్న పెడల్ యంత్రాలు, కనీసం రెండు
- చేతులున్న బరువైన కుర్చీలు. ప్లాస్టిక్ కుర్చీలు వద్దు, జారిపోతాయి
- రబ్బరు మ్యాట్లు
- బీపీ మిషన్, గ్లూకోమీటర్, పల్స్ ఆక్సీమీటర్
- హెడ్‌సెట్ ఒకటి చాలు. తుడవడానికి వీలుగా సిలికాన్ ముఖపు కవర్లు తీసుకోండి

హెడ్‌సెట్ కొత్తగా కొనేటట్టయితే రెండు విషయాలు చూడండి: కళ్లద్దాలతో పెట్టుకోవడానికి వీలుందా, కళ్ల మధ్య దూరం సర్దుకోవచ్చా. మెటా క్వెస్ట్ 3 లాంటివి అర కిలో పైచిలుకు బరువుంటాయి. ఆ బరువంతా ముఖం మీదే పడుతుంది కాబట్టి, మెత్తటి బట్ట పట్టీకి బదులు వెనక తిప్పి బిగించే గట్టి పట్టీ ఉంటే మెడకు సుఖం.

4. వీడియో తీయడం

రోడ్ల ఫొటోలు చూపించే గూగుల్ స్ట్రీట్ వ్యూ 2022 జులైలో హైదరాబాద్‌తో కలిపి పది భారతీయ నగరాల్లో మొదలైంది. పెద్దాయన చెప్పిన దారి ఇప్పుడెలా ఉందో ముందుగా చూసుకోవడానికి పనికొస్తుంది. కానీ అవి ఆగి ఆగి మారే బొమ్మలు. తొక్కడానికి వీడియోయే కావాలి.

పల్లెటూరి దారికి వీడియో ఎక్కడా దొరకదు. సంక్రాంతికి ఊరెళ్లే మనవడికి పని చెప్పండి. అతనికి ఈ సూచనలు పంపితే చాలు.

టీవీ కోసం ఫోన్‌తో తీసేటప్పుడు:

- ఫోన్ అడ్డంగా పట్టుకోవాలి. బొమ్మ వణక్కుండా గింబల్ (ఫోన్‌ను నిలకడగా ఉంచే పిడి) ఉంటే మేలు
- నడుస్తూ తీయాలి, లేదా స్కూటర్ వెనక కూర్చుని చాలా నెమ్మదిగా
- ఒక్కో ముక్క పది నిమిషాలు, మధ్యలో కట్ చేయకుండా
- కెమెరాను అటూ ఇటూ తిప్పకూడదు, నిటారుగా ముందుకే
- పొద్దున్నే తీయాలి. ఎండ నెత్తి మీదికొస్తే తెర మీద అంతా తెల్లగా పేలిపోతుంది
- సినిమా పాట కలపొద్దు. కోడి కూత, బస్సు హారన్, గుడి గంట, టీ కొట్టు మాటలు అలాగే ఉండాలి

హెడ్‌సెట్ కోసం 360 డిగ్రీల కెమెరాతో, అంటే చుట్టూ అన్నివైపులా ఒకేసారి తీసే కెమెరాతో తీస్తే పద్ధతి వేరు. కెమెరా కదలకూడదు. స్టాండు మీద పెట్టి వదిలేయాలి. చూసేవాళ్లు కుర్చీలో కూర్చుంటారు కాబట్టి కెమెరా కూడా కూర్చున్న మనిషి కంటి ఎత్తులో, అంటే నేల నుంచి సుమారు 110–120 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. నిలబడ్డ ఎత్తులో తీస్తే గాల్లో తేలుతున్నట్టుండి భయపడతారు. మనుషులు, గోడలు కెమెరాకు కనీసం ఒక మీటరు దూరంలో ఉండాలి. లేకపోతే రెండు కటకాల బొమ్మలు కలిసే చోట ముఖం చీలినట్టు కనిపిస్తుంది.

గోపురం ముందు తీసేటప్పుడు బాగా వెనక్కి వెళ్లండి. దగ్గర నుంచి తీస్తే శిఖరం కోసం పెద్దవాళ్లు తల పూర్తిగా వెనక్కి వాలుస్తారు. మెడ పట్టేస్తుంది, కొందరికి కళ్లు తిరుగుతాయి. గుళ్ల లోపల కెమెరా ఎలాగూ ఒప్పుకోరు. బయటైనా అడిగే తీయండి.

వీడియోలన్నీ డౌన్‌లోడ్ చేసి ఉంచుకోండి. వ్యాయామం వేళకే వైఫై పోతుంది.

5. గది, వేళ, బట్టలు

పెడల్ యంత్రం పాలిష్ బండల మీద ముందుకు జారుతుంది. కింద రబ్బరు మ్యాట్ వేసి, యంత్రాన్ని కుర్చీ ముందు కాళ్లకు పట్టీతో కట్టండి. కుర్చీ వీపు గోడకు ఆనాలి. వీల్‌చైర్ అయితే రెండు బ్రేకులూ వేశారో లేదో చూడండి.

టిఫిన్ అయిన గంటన్నర తర్వాత వేళ బాగుంటుంది. భోజనం చేసిన వెంటనే వద్దు. వేసవిలో పొద్దున్నే ముగించండి. సీరియల్ టైమ్‌లో టీవీ మార్చి వ్యాయామం వీడియో పెట్టారో, ఆ నెలంతా మీతో ఎవరూ సహకరించరు.

మొదలుపెట్టే ముందు చూసుకోండి:

- చీర కుచ్చిళ్లు, పంచె అంచు పెడల్‌లో పడకుండా పైకి దోపారా? పైజమా అయితే నిశ్చింత
- హవాయి చెప్పులు వద్దు. వెనక పట్టీ ఉన్నవి గానీ, బూట్లు గానీ
- హెడ్‌సెట్ పెట్టుకునేవాళ్లకు కొప్పు కాస్త కిందికి దించారా? పూలు తీశారా?
- బొట్టు, విభూతి, తల నూనె ముఖపు కవర్‌కు అంటుకుంటాయి. మధ్యలో మెత్తటి కాగితపు మాస్కు వేయండి. "బొట్టు తుడుచుకోండి" అని మాత్రం అనకండి
- చేతికందే దూరంలో మంచినీళ్లు

6. మొదటి రోజు

"రండి, ఎక్సర్‌సైజ్ టైమ్ అయింది" అంటే ఎవరూ లేవరు. "మాస్టారూ, ప్రకాశం బ్యారేజీ దాకా అలా వెళ్లొద్దామా?" అనండి. ఆయన చెప్పిన దారే అయ్యుండాలి.

వరుస ఇలా:

1. బీపీ చూడండి. ఏం చేయబోతున్నారో, ఎప్పుడైనా ఆపొచ్చని చెప్పండి. ఆయన ఒప్పుకుంటేనే ముందుకు.
2. టీవీకి ఒకటిన్నర, రెండు మీటర్ల దూరంలో కూర్చోబెట్టండి. కాలు పూర్తిగా కిందికి వెళ్లినప్పుడు మోకాలు కొంచెం వంగే ఉండాలి.
3. పెడల్ బిగువు పూర్తిగా వదులు చేయండి.
4. వీడియో లేకుండా రెండు నిమిషాలు నెమ్మదిగా తొక్కనివ్వండి.
5. వీడియో పెట్టి ఐదు నిమిషాలు. ఆయన మాట్లాడుతుంటే మీరు వినండి.
6. వీడియో ఆపాక మరో రెండు నిమిషాలు నెమ్మదిగా తొక్కించి, మళ్లీ బీపీ చూడండి. లేవడానికి తొందరపెట్టొద్దు.

"ఇంకా ఉందా?" అని అడిగినా మొదటి రోజు అక్కడితో ఆపేయండి. "మిగతాది రేపు చూద్దాం" అని చెప్పి పంపండి. రేపు ఆయనే వచ్చి అడగాలి.

7. అసలు కిటుకు: తొక్కితేనే దారి కదలాలి

వీడియో దానంతటదే నడుస్తుంటే రెండు నిమిషాల్లో కాళ్లు ఆగిపోతాయి, కళ్లు మాత్రం చూస్తుంటాయి. అప్పుడది సినిమా.

పెడల్‌కు సెన్సర్ పెట్టి యాప్‌తో కలిపే ఏర్పాట్లు ఉన్నాయి. అవి లేకపోయినా నష్టం లేదు. పక్కన ఒక మనిషి రిమోట్ పట్టుకుంటే చాలు. కాళ్లు ఆగితే పాజ్, కదిలితే ప్లే. ఆ రిమోట్ ఆయమ్మ చేతికి కాకుండా, తొక్కలేని మరో పెద్దావిడ చేతికివ్వండి. "అన్నయ్య గారూ, బండి ఆగిపోయింది!" అని ఆవిడ అంటే వచ్చే చురుకు మనం ఎంత బతిమాలినా రాదు.

మొదటి రెండు వారాలు ఐదు నిమిషాలు, తర్వాత వారానికి రెండేసి నిమిషాలు పెంచుతూ 15–20 దాకా వెళ్లండి. బిగువు పెంచేది ఆ తర్వాతే. 65 దాటినవాళ్లకు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థ శ్రమ. హోమ్‌లో చాలామంది అంతవరకూ రాలేరు. రాలేదని వదిలేయకండి, ఎంత చేసినా మంచిదే.

పెడల్ తొక్కడం బ్యాలెన్స్ వ్యాయామం కాదు. పడిపోకుండా ఉండాలంటే నిలబడి చేసే వ్యాయామాలు వారంలో మూడు రోజులైనా ఫిజియో దగ్గరుండి విడిగా చేయించాలి, హెడ్‌సెట్ లేకుండా.

8. హెడ్‌సెట్ ఇచ్చేటప్పుడు

టీవీతో రెండు వారాలు బాగా సాగినవాళ్లకే ఇవ్వండి. నియమం ఒక్కటే, మినహాయింపు లేదు: హెడ్‌సెట్ ఉన్నంతసేపూ కూర్చునే ఉండాలి, పక్కన ఒక మనిషి ఉండాలి.

కళ్లు దారి కదులుతోందంటాయి, చెవి లోపలి సమతౌల్య భాగం కదలడం లేదంటుంది. ఆ తగువే వికారం. అందుకే హెడ్‌సెట్‌లో కదిలే దారి వద్దు, నిలకడగా తీసిన దృశ్యమే ఉండాలి. కాళ్లూ చేతులూ మనం కదిలిద్దాం.

గోదావరి ఘాట్‌లో కూర్చున్నట్టు దృశ్యం పెట్టి, "కుడివైపు పడవ వస్తోంది చూడండి" అంటే నడుము తిరుగుతుంది. మామిడితోటలో "ఆ కాయ అందుకోండి" అంటే చేయి భుజం పైకి లేస్తుంది. ఒక కాలు చాచి మోకాలు నిటారు చేయడం, మడమలు లేపడం, కూర్చునే మార్చింగ్, అన్నీ ఇలాగే కలపొచ్చు. ఒక్కోటి ఎనిమిది, పది సార్లు.

మొదటిసారి రెండు మూడు నిమిషాలు. ఎంత అలవాటైనా పది నిమిషాలు దాటించొద్దు. తీసే ముందు "ఇప్పుడు తీస్తున్నానమ్మా, మన హాల్లోనే ఉన్నాం" అని చెప్పండి. తీశాక ఐదు నిమిషాలు కూర్చోబెట్టాకే లేపండి.

ఒకరి తర్వాత ఒకరికి ఇచ్చేటప్పుడు కవర్ తుడవాలి. కటకాలను మాత్రం పొడి మైక్రోఫైబర్ బట్టతోనే తుడవాలి, శానిటైజర్ తగలకూడదు. కిటికీ దగ్గర ఎండలో పెట్టారంటే కటకాల గుండా సూర్యకాంతి పడి లోపలి తెర కాలిపోతుంది.

9. మూడో వారంలో ఉత్సాహం తగ్గితే

కొత్త మోజు తీరాక కొందరు మానేస్తారు. అప్పుడు అందరూ కలిసి చేసే యాత్ర పెట్టండి.

ఒక నిమిషం తొక్కితే 100 మీటర్లని మీరే ఒక లెక్క పెట్టుకోండి. ప్రకాశం బ్యారేజీ పొడవు 1,223.5 మీటర్లు, అంటే పన్నెండు నిమిషాల చిల్లర. ఇది ఒక్కరు రెండు రోజుల్లో దాటగలిగేది. అరుణాచలం గిరిప్రదక్షిణ 14 కిలోమీటర్లు, అంటే 140 నిమిషాలు. పదిమంది రోజుకు తలా ఏడు నిమిషాలు తొక్కితే రెండు రోజుల్లో పూర్తి. నడవగలిగినవాళ్లు, నడవలేనివాళ్లు ఒకే ప్రదక్షిణలో ఉంటారు.

అలిపిరి మెట్లు 3,550. కూర్చుని ఒక్కో మోకాలు లేపితే ఒక మెట్టు. పదిమంది రోజుకు 50 చొప్పున లేపితే రోజుకు 500 మెట్లు, ఎనిమిదో రోజుకు కొండ పైన ఉంటారు. గోడ మీద చార్టు పెట్టి ప్రతి సాయంత్రం గుర్తు జరపండి. కొండ పైకి చేరే రోజు ప్రసాదం చేయాలని వంటమనిషికి ముందే చెప్పండి.

మనిషికీ మనిషికీ పోటీ పెట్టొద్దు. వెనకబడినవాళ్లు ముందు జోకులేసి, తర్వాత రావడం మానేస్తారు. పోటీ కావాలంటే రెండు హోమ్‌ల మధ్య పెట్టండి.

10. ఎక్కడ తేడా వస్తుంది, ఏం చేయాలి

వికారం, చెమటలు. హెడ్‌సెట్ వెంటనే తీసి, కదలని ఒక వస్తువును చూడమనండి, ఫ్యాన్ వేయండి. ఆ రోజుకు ఆపేయండి. మర్నాడు టీవీయే.

ఛాతీ నొప్పి, చల్లటి చెమట, మాట తడబాటు. ఇది వీఆర్ సమస్య అనుకుని కూర్చోకండి. 108కి ఫోన్ చేయండి.

మసకగా ఉందంటున్నారు. ముందు హెడ్‌సెట్‌ను ముఖం మీద పైకీ కిందికీ జరిపి చూడండి, తర్వాత కళ్ల మధ్య దూరం సర్దండి. అయినా తగ్గకపోతే కంటి డాక్టర్ దగ్గరికి. శుక్లాలు ఇలా బయటపడటం కొత్తేమీ కాదు.

ఏడుస్తున్నారు. ప్రతి ఏడుపూ ఆపాల్సింది కాదు. వీడియో పాజ్ చేసి, చేయి పట్టుకుని, "ఆపేద్దామా, చూద్దామా?" అని అడగండి. చూద్దామంటే చూడనివ్వండి. ఆ రాత్రి నిద్ర పట్టకపోతే ఆ వీడియో పక్కన పెట్టండి.

"మా ఇంటికి వెళ్లిపోతాను" అంటున్నారు. మతిమరుపు ఉన్నవాళ్లలో వస్తుంది. నిజంగా తీసుకెళ్తామని అబద్ధం చెప్పొద్దు. ఇంటి వీడియో ఆపేసి, తోటలు, నదులు చూపించండి.

తొక్కుతూ నిద్రపోతున్నారు. వేళ మార్చండి. రాత్రి నిద్రమాత్ర వేసుకుంటున్నారేమో చూడండి.

మోకాలు నొప్పి. పట్టీ వదులు చేసి పెడల్ యంత్రాన్ని రెండు మూడు అంగుళాలు ముందుకు జరిపి మళ్లీ కట్టండి, బిగువు తగ్గించండి. వాపు ఉంటే ఆపేసి ఫిజియోకు చూపించండి.

సిబ్బంది మానేశారు. ఎక్కువ హోమ్‌లలో ఆగిపోయేది ఇక్కడే. పెట్టడం, తీయడం, తుడవడం, బీపీ రాయడం ఒక్క ఆయమ్మ మీదే పడితే నెలకే మూలపడుతుంది. ఇద్దరికి నేర్పండి. ఆ గంట వాళ్లకు వేరే డ్యూటీ వేయకండి.

11. రాసుకోవాల్సినవి

ఒక్కొక్కరికి ఒక పేజీ చాలు: తేదీ, ముందు బీపీ, తర్వాత బీపీ, ఎన్ని నిమిషాలు, ఏ దారి, ఎవరైనా పిలిస్తే వచ్చారా, వాళ్లే వచ్చారా. ఈ చివరి గడి తప్పకుండా నింపండి.

నెలకోసారి ఫిజియోతో రెండు పరీక్షలు:

- చేతులు ఛాతీ మీద కట్టుకుని 30 సెకన్లలో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేచి కూర్చోగలరు
- కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, తిరిగొచ్చి కూర్చోవడానికి ఎన్ని సెకన్లు పడుతుంది. 12 సెకన్లు, అంతకు మించితే పడిపోయే ముప్పు ఉందని లెక్క

మూడు నెలలైనా ఈ అంకెలు కదలకుండా, నిమిషాలు మాత్రం పెరుగుతుంటే బిగువు చాలడం లేదన్నమాట. నిమిషాలే తగ్గుతుంటే బిగువు ముట్టుకోకండి. మళ్లీ పైన రెండో అంశానికి వెళ్లి, ఆ మనిషి పక్కన అరగంట కూర్చుని ఇంకో దారి అడగండి.